నాగమణమ్మ పేరు రాసిన డబ్బీలు

పురుగు పట్టిన తేనెపట్టును అడిగి మరీ తీసుకున్న మనిషిని నా జన్మలో ఒక్కర్తినే చూశాను. ఆమె మా ఇంట్లోనే అద్దెకు ఉండేది. పేరు కళావతి.

ఎనభై మూడో సంవత్సరం మాట. రోహిణి కార్తె ఎండలు. బేగంబజార్‌లో మాది మైనం దుకాణం. అడవుల్లో తేనె పిండేసిన పట్లు గోనెసంచుల్లో మా దగ్గరికి వచ్చేవి. లాల్‌దర్వాజాలో మా ఇంటి వెనక వాకిట్లో పెద్ద గుండిగ పెట్టి, నీళ్లు పోసి, వాటిని కాచి, గోనెగుడ్డలో వడగట్టేవాళ్లం. చల్లారాక పైన తేలిన మైనాన్ని బిళ్లలుగా కోసి అమ్మేవాళ్లం. గంటలు పోతపోసేవాళ్లు కొనేవారు, కంసాలులు కొనేవారు, చెప్పులు కుట్టేవాళ్లు దారానికి రాసుకోవడానికి కొనేవారు. ఈ వ్యాపారానికి శత్రువు ఒక్కటే, మైనప్పురుగు. వేలి కణుపంత పొడుగు, పాలమీగడ రంగు. సంచిలోకి దూరిందంటే నెల తిరిగేసరికి పట్టు మిగలదు, బూజూ పెంటా మిగులుతాయి.

అట్లాంటి సంచి ఒకటి గోడవతల పారేయడానికి భుజాన వేసుకున్నాను. వారం కిందటే ముందుగదిలోకి దిగిన కళావతి ఎదురొచ్చింది.

“పారేస్తున్నరా బాపూ?”

“పారెయ్యక పూజ చేస్తరా?”

“అయితే నాకియ్యండ్రి. పురుగులు గావాలె.”

“కూరకా?”

నవ్వలేదు. “పనికి” అంది. సంచి నా భుజం మీంచి దించుకుని, నీడలో కూర్చుని, ఒక్కొక్క పురుగునీ రెండు వేళ్లతో తీసి జర్దా డబ్బీలో వేసుకోసాగింది. అట్టపెట్టె అయితే కొరికేస్తాయి కాబట్టి రేకు డబ్బీలు కావాలట. గల్లీ మొదట్లో పాన్‌డబ్బా ఆగయ్య దగ్గర ఖాళీవి అడిగి తెచ్చుకుంది.

ముప్పై ఏళ్లుంటాయి. పెళ్లి కాలేదు. మెదక్ దిక్కు పల్లె. దవాఖానలో రక్తం, చీము పరీక్ష చేసే గదిలో నౌకరి. ఇంతే చెప్పింది. నేను ఎన్ని జోకులు వేసినా ఆమె పెదవి కదిలేది కాదు. నా మాటకు నవ్వని మనిషంటే నాకు మొదటి నుంచీ అనుమానం. అప్పు తీసుకుని ఎగ్గొట్టినవాణ్ణయినా నమ్ముతాను గానీ, ఇట్లాంటివాళ్లను నమ్మను.

ఒక ఆదివారం పొద్దున కిటికీ రెక్క ఓరగా తెరిచి ఉంది. పనిగట్టుకుని చూడలేదు అంటే మీరు నమ్మరు, అందుకని పనిగట్టుకునే చూశానని ఒప్పుకుంటున్నాను. ఎడమచేతి వేళ్ల మధ్య పురుగును వెల్లకిలా పట్టుకుంది. కుడిచేతిలో వెంట్రుకంత సూది ఉన్న పిచికారి. పురుగు కాలి మొదట్లో సూది గుచ్చింది, కొసరంత నొక్కింది, డబ్బీలో పెట్టింది. ఇంకోటి తీసింది. పక్కన మూత తీసిన మరో డబ్బీలో పురుగులు నల్లగా, కాలిన అగ్గిపుల్లల్లాగా పడి ఉన్నాయి. మా సంచిలో నేను నలభై ఏళ్లుగా చూస్తున్న పురుగు ఎప్పుడూ నల్లబడలేదు.

“ఏందమ్మా ఇది?” అన్నాను కిటికీలోంచే.

ఆమె ఉలిక్కిపడలేదు. “పుండ్లల్ల చీము పడుతది గద బాపూ. ఆ చీముల ఒక క్రిమి ఉంటది. అది ఎంత గట్టిదో, దానికి ఏ మందు పనిజేస్తదో మనిషి మీద జూడలేం. ఎలుకల మీద చూస్తుంటిమి, పోయినేడు ఎండలకు సగం సచ్చినయి. ఈ పురుగు ఒంట్ల గూడ మన లెక్కనే కావలి ఉంటది. క్రిమి లోపలికొస్తె కొట్లాడుతది. కొట్లాడి ఓడిపోతే గిట్ల నల్లగైతది. క్రిమి దవాఖానలనే ఎక్కించి తెస్త. ఇంటికాడ మందు ఇచ్చి, చూసుడే.”

“మనిషి లెక్కనే?”

“ఒక్క ఆ ముచ్చటల.”

కోతలు కోయడంలో నాకు పేరుంది. మా ఊరి బడిలో అయిదో తరగతి దాకా చదివింది మరిచిపోయాను గానీ, పంతులు నిద్రపోయినప్పుడు పిల్లలకు చెప్పిన కథలు ఒక్కటీ మరిచిపోలేదు. అట్లాంటి నాకే ఇది మరీ పచ్చి కోతగా తోచింది. పురుగుకు కావలి అట, కొట్లాట అట. చెప్పడం కూడా సరిగా రాలేదు, ముఖంలో ఒక్క గీత మారకుండా చెప్పింది. ఇంత బలహీనమైన కోత వెనక ఏదో గట్టి నిజం దాచిపెట్టి ఉంటుందని నిశ్చయించుకున్నాను.

ఆ సాయంత్రం ఆగయ్య పాన్‌డబ్బా దగ్గర నలుగురు ఉన్నారు. నా నోరు ఊరుకుంటుందా?

“మా ఇంట్ల కొత్తగ దిగిన పిల్ల మామూల్ది గాదు ఆగయ్యా. ఈడ పురుగు నడుముల సూది గుచ్చుతది. ఆడ పటాన్‌చెరుల ఎవడో ‘సచ్చిన్రో’ అని నడుము పట్టుకుంటడు. కాలుకు గుచ్చితే కాలు. నిన్న తలకాయకు గుచ్చింది, బొల్లారంల ఒక పోలీసాయన టోపీ ఊడి ఎగిరిపోయిందట.”

ముగ్గురు నవ్వారు. ఆగయ్య ఆకుకు సున్నం రాస్తూ రాస్తూ ఆగాడు.

“మెదక్ దిక్కు గద సేటు, ఆమెది” అన్నాడు. “గాడ బాణామతి, చేతబడి చేసేటోళ్లు ఉంటరంటరు.”

“నేను నవ్వులాటకు అన్న.”

“నువ్వు నవ్వులాటకే అంటవు. కానీ నాకాడ డబ్బీలు దీస్కపోయింది నవ్వులాటకు గాదు గద.”

ఆ మాట అక్కడితో పోయిందనుకున్నాను.

* * *

ఆషాఢం వచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం గంటల పోతపని చేసే బాలనర్సింహ మైనం కోసం ఇంటికే వచ్చాడు. వెనక వాకిట్లో గుండిగ కాగుతోంది. నేను అరుగు మీద కూర్చుని అతనికి మా ఊళ్లో తేనెటీగలు పెళ్లికొడుకు పల్లకీని ఎత్తుకుపోయిన కథ చెబుతున్నాను. పల్లకీ నేల విడిచి తాటిచెట్టు ఎత్తుకు లేచింది. పెళ్లికొడుకు పైనుంచి చెప్పు జారవిడిచాడు. బాలనర్సింహ కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు.

“ఏమయ్యా, మబ్బు బట్టింది. గుండిగ పొంగుతున్నట్టుంది” అంది నాగమణమ్మ లోపలి నుంచి. నా భార్య. పెళ్లయి అప్పటికి ముప్పై ఒక్క ఏళ్లు.

“జర నువ్వే చూడు” అన్నాను, కథ మధ్యలో.

కాగే మైనంలో వాన చినుకులు పడితే ఏమవుతుందో మా వ్యాపారంలో ఉన్న ప్రతివాడికీ తెలుసు. భగ్గున చిమ్ముతుంది. నాకు ఆమె అరుపు వినబడింది. వినబడిందని ఇప్పుడు రాస్తున్నాను గానీ, అప్పుడు నేను చేసిన పని ఇదీ: పల్లకీ ఎక్కడ దిగిందో చెప్పే ఆ ఒక్క వాక్యం పూర్తి చేశాను. బాలనర్సింహ నవ్వాడు. అప్పుడు వెనక్కి తిరిగాను.

ఎడమ కాలు, మోకాలి కింద నుంచి పాదం దాకా మైనం అంటుకుపోయింది. ఒలిచేసరికి చర్మం దానితోపాటు వచ్చింది.

* * *

దవాఖానలో మొదటి వారం బాగానే ఉంది. రెండో వారం కట్టు విప్పితే గుడ్డ మీద పచ్చరంగు. ఆకుపచ్చ కాదు, నెమలి మెడ కింద ఉండే పచ్చ. వాసన కూడా వింతగా తియ్యగా ఉండేది, మగ్గిన ద్రాక్షపళ్ల వాసన. రోజుకు మూడు సూదులు. పచ్చ తగ్గలేదు. జ్వరం రోజూ సాయంత్రం వచ్చేది. నాగమణమ్మ ముఖం పీక్కుపోయి, దుప్పటి కింద ఉందా లేదా అన్నట్టు అయిపోయింది.

కట్టు మార్చే వేళకు కళావతి కింద పరీక్ష గదిలోంచి పైకి వచ్చేది. పుల్లకు చుట్టిన దూదితో పుండును అద్ది, సీసాలో పెట్టుకుని పోయేది. నేను చూస్తూ ఉండేవాణ్ణి. మా ఆవిడ ఒంట్లోంచి తీసినది ఆమె ఎక్కడికి తీసుకుపోతోంది, ఏం చేస్తోంది? అడిగితే “పరీక్షకు” అనేది. పరీక్ష పేరుతో ఎంత దాచొచ్చో ఆలోచించాను.

శ్రావణం మొదటి బుధవారం డాక్టర్ ఆనందరావు నన్ను వరండాలోకి పిలిచాడు. పెద్దాయన, మెత్తగా మాట్లాడతాడు.

“వైకుంఠం గారూ, ఈ మందుకు లొంగడం లేదు. వేరే మందులు మూడు ఉన్నాయి. గాజుపళ్లెంలో పెట్టి చూస్తే మూడింటికీ క్రిమి చస్తోంది. ఒంట్లో ఏది పనిచేస్తుందో చెప్పలేం. మూడూ కిడ్నీల మీదో చెవుల మీదో దెబ్బ కొట్టేవే. ఆవిడ ఉన్న స్థితిలో ఒక్కటి ఇవ్వగలను, ఒక్కటే. అది తప్పితే ఇంకోటి వేసి చూసే వ్యవధి లేదు. శుక్రవారం దాకా చూస్తాను. విషం పైకి పాకితే మోకాలి పైన తీసెయ్యాల్సిందే.”

“కాలా?”

“మనిషి మిగలాలి గదండీ.”

ఇంటికి వచ్చేటప్పుడు ఆగయ్య పాన్‌డబ్బా దగ్గర నా కాళ్లు వాటంతటవే ఆగాయి.

“ఏమన్నడు సేటు?”

చెప్పాను.

ఆగయ్య గొంతు తగ్గించాడు. “నేను అననే వొద్దనుకున్న. వదినె కాలు కాలింది ఎప్పుడు? ఆమె దిగినంక. పచ్చగైంది ఎప్పుడు? ఆమె పుండు ముట్టినంక. నువ్వే గద చెప్పినవు, కాలుకు గుచ్చితే కాలు అని.”

“అది నేను పుట్టించిన మాట ఆగయ్యా.”

“నీకు ఆ మాట ఎందుకు పుట్టింది మరి? ఊర్కెనే పుడుతదా?”

ఇప్పుడు వెనక్కి చూసుకుంటే ఒకటి తెలుస్తుంది. ఆ మాట నన్ను భయపెట్టలేదు. నాకు హాయిగా అనిపించింది. కాలు కాలింది నేను కథ ఆపనందుకు కాదు, ఎవరో సూది గుచ్చినందుకు. అట్లా అనుకోగానే నెల రోజుల తర్వాత మొదటిసారి కడుపునిండా అన్నం తిన్నాను.

* * *

గురువారం పొద్దున కళావతి పనికి పోయాక మారు తాళంచెవితో ముందుగది తెరిచాను. ఆగయ్య గడప అవతల నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

మంచం, పొయ్యి, రెండు చీరలు. గోడకు అల్మారా. అల్మారాలో వరుసగా నాలుగు జర్దా డబ్బీలు. ఒక్కొక్క డబ్బీకి తెల్లకాగితం ముక్క అంటించి ఉంది. కాగితం మీద తెలుగులో, గుండ్రటి అక్షరాల్లో, నాలుగింటి మీదా ఒకటే పేరు. నాగమణమ్మ.

నాలుగింటినీ మళ్లీ చదివాను.

“ఏమున్నది సేటు?” అన్నాడు ఆగయ్య.

“పేరున్నది.”

“ఎవల్ది?”

డబ్బీ ఎత్తి అతనికి కనబడేటట్టు పట్టుకున్నాను. ఆగయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. “కాలవెట్టు. ముందుగాల కాలవెట్టు. ఆమె ఒచ్చేసరికి నేను నలుగుర్ని తోల్కొస్త. అసొంటోళ్లకు పండ్లు రాలగొడితే మంత్రం పలుకది” అని చెప్పుకుంటూ పోయాడు.

డబ్బీలు ఉన్న వరుసలోనే, గుమ్మం వైపు నుంచి ఎత్తి పైగుడ్డలో వేసుకుని, వాకిట్లో పొయ్యి దగ్గరికి తెచ్చి మళ్లీ అదే వరుసలో పెట్టాను. మంట రాజేశాను. ఒక్కొక్క మూత తీసి, లోపల చూసి, మంటలో గుమ్మరించి, డబ్బీ కూడా అందులోకే విసిరాను. మైనప్పురుగులు కదా, చిటపటమంటూ కాలాయి. నేను దుకాణదారుణ్ణి. నా చేతిలోంచి ఏది పోయినా నోరు దానంతటదే ఎంచి లెక్కపెడుతుంది. అప్పుడు కూడా ఎంచింది. నాలుగోది మంటలో పడ్డాక ఒళ్లంతా తేలికపడింది.

మధ్యాహ్నం భోజనం వేళకు కళావతి వచ్చింది. నేరుగా గదిలోకి వెళ్లి, నేరుగా వాకిట్లోకి వచ్చింది. వీధి గుమ్మం దగ్గర ఆగయ్య, ఇంకో ముగ్గురు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఆమె వాళ్లను చూడనే లేదు. పొయ్యిలో మాడిన రేకుముక్కల్ని చూసింది. నా ముఖం చూసింది.

తిడుతుందనుకున్నాను. ఏదో మంత్రం గొణుగుతుందేమోనని కూడా అనుకున్నాను, నిజం.

“పొయ్యిల వేసేముందు మూత దీసి చూసిండ్రా?” అంది.

“చూసిన.”

“బతికినవి ఉన్నయా?”

గుమ్మం దగ్గర ఆగయ్య దగ్గాడు.

“బాపూ, రేపు శుక్రవారం. పెద్దమ్మ పుండుల క్రిమినే మంగళవారం నాడు ఆ పురుగులకు ఎక్కించిన. డబ్బీకి పది. ఒక్కో మందు ఒక్కో డబ్బీకి ఇచ్చిన. ఏ డబ్బీల పురుగులు బతికినయో అదే మందు పెద్దమ్మకు. ఈ పొద్దు మధ్యాహ్నం చూసి డాక్టర్‌సాబ్‌కు చెప్పాలె. మళ్ల జేసెటందుకు రెండ్రోజులు గావాలె. రెండ్రోజులు మనకు లేవు. ఏ డబ్బీల బతికినయి?”

ఆమె గొంతు వణికింది. మూడు నెలల్లో ఆమె గొంతులో ఏదైనా కదలడం అదే మొదలు. నేను ఆమెనే చూస్తున్నాను. చంపడానికి పూనుకున్న మనిషైతే చచ్చినవాటి లెక్క అడగాలి. ఈమె బతికినవాటి లెక్క అడుగుతోంది.

“ఒక డబ్బీల బతికినయి” అన్నాను. “మస్తు బతికినయి. మొత్తం పదికి పది. తెల్లగ, ముత్యాల లెక్క మెరుస్తున్నయి. ఒకటైతే తల ఎత్తి నన్ను…”

“బాపూ.”

ఆపాను.

“ఇది పాన్‌డబ్బా గాదు. ఎన్ని?”

ఆమె కళ్లలో ఉన్నది నాకు బాగా తెలిసిన చూపు. నెలల తరబడి నేను ఆమెను చూసిన చూపే అది. కళ్లు మూసుకున్నాను. మూత తీసినప్పటి డబ్బీని మళ్లీ చూశాను. మెరవడం ఏమీ లేదు. మూడు నల్లవి ఒక మూలకు పడి ఉన్నాయి. మిగతావి కదులుతున్నాయి, అవి కూడా మందంగా.

“ఏడు” అన్నాను. “మూడు సచ్చినయి. ఏడు కదులుతున్నయి. ఒకటి రెండు గోడకు దారం అల్లుకున్నయి.”

“తతిమ్మ డబ్బీలల్ల?”

“ఒకదాంట్ల అన్నీ నల్లగ. ఇంకోదాంట్ల రెండు మిగిలినయి. ఇంకోదాంట్ల ఒకటో, లేదో.”

“బతికినయి ఏ నంబరు?”

“మూడు.”

ఆమె చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంది. నేనూ పైగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాను. గుమ్మం దగ్గర ఆగయ్య దారి వదల్లేదు.

“ఏడికి సేటు?”

“దవాఖానకు. ఈమెను నేనే తోల్కపోతున్న.”

“పోలీసులకు అప్పజెప్తవా?”

“జరుగు ఆగయ్యా.”

నవ్వులాట లేని నా గొంతు అతను ఎప్పుడూ వినలేదు. జరిగాడు. ఇద్దరం రిక్షా ఎక్కాం.

* * *

వార్డులో ఆనందరావు మా ఆవిడ మంచం పక్కనే ఉన్నాడు. కళావతి ఇంగ్లీషులో గబగబా చెప్పింది. ఆయన నా వైపు చూశాడు.

“ఈయన చూసిన దాన్ని బట్టా?”

“అవును సర్.”

“పురుగుల్ని బట్టి మనిషికి మందు రాయమంటున్నావు. అది కూడా కాలిపోయిన పురుగుల్ని బట్టి.”

“పళ్లెం జెప్పంది పురుగు జెప్తది సర్. అది బతికిన ఒళ్లు. ఎట్లన్న మూడిట్ల ఒకటి ఇయ్యాల్సిందే గద.”

ఆయన చాలాసేపు నాగమణమ్మ చార్టు చూస్తూ నిలబడ్డాడు. “ఎట్లాగూ గుడ్డిగానే ఎంచుకోవాలి” అని జేబులోంచి కలం తీశాడు. “మూడో మందా?”

“మూడు” అంది కళావతి.

ఆయన చీటీ రాయడం మొదలుపెట్టాడు. కళావతి నా వైపు తిరిగింది. ఆమెకు ఏదో అడ్డం పడుతోంది. మందు మీద అనుమానమో నా మీద అనుమానమో.

“బాపూ, డబ్బీ అడుగున ఎర్ర పెన్సిల్‌తోని నంబరు రాసిన. అది చూసే గద చెప్పిండ్రు?”

“అడుగు చూడలే. ఎంచిన.”

“ఎంచిండ్రా? ఎట్లెంచిండ్రు? అట్లనే మళ్ల ఎంచుండ్రి.”

నాగమణమ్మ మంచానికి కాళ్ల వైపు ఇనుప కమ్మీలు నిలువుగా ఉన్నాయి. మొదటి కమ్మీ మీద వేలు పెట్టాను.

“లాభం.”

మా దుకాణంలో, మా నాయన దగ్గర, వాళ్ల నాయన దగ్గర, కొలిచేటప్పుడు మొదటిదాన్ని ఎవరూ ఒకటి అనరు. లాభం అంటారు. తర్వాత రెండు.

“రెండు” అన్నాను రెండో కమ్మీ ముట్టుకుని. “మూడు. ఇదే. ఈ డబ్బీలనే బతికినయి. నాలుగు.”

కళావతి మొదటి కమ్మీ వైపే చూస్తోంది.

“ఈ మొదటి డబ్బీల ఎన్ని సచ్చినయి?”

“అన్నీ. బొగ్గుల లెక్క.”

“దానికి మందే ఇయ్యలేదు బాపూ. ఉత్త క్రిమి. మందు లేకపోతే ఎట్లుంటదో చూసెటందుకు పెట్టేది. మా తాన దాని నంబరు సున్న.” ఆమె తన వేలు మొదటి కమ్మీ మీద పెట్టింది. “సున్న.” తర్వాతి దాని మీద. “ఒకటి.” నా వేలు ఇంకా ఉన్న కమ్మీ మీద పెట్టింది. “రెండు.”



“సర్” అంది కళావతి. “మూడు గాదు. రెండో మందు.”

ఆనందరావు చీటీ సగంలో ఆపాడు. “రెండో మూడో ముందు తేల్చుకోండి” అని నన్నే సూటిగా చూశాడు. “ఏమండీ, మీరు కథలు బాగా చెబుతారని మీ ఆవిడే మా నర్సులకు చెప్పింది. ఇది కూడా కథేనా?”

ముప్పై ఏళ్లుగా ఈ ప్రశ్నకు నా దగ్గర పది జవాబులు సిద్ధంగా ఉండేవి. వాటిని పక్కన పెట్టాను.

“ఏడు బతికినయి సాబ్” అన్నాను. “మూడు సచ్చినయి. గుమ్మం దిక్కు నుంచి మూడో డబ్బీ. అంతే చూసిన.”

“పది మీదనే నిలబడితే నేను నమ్మకపోతుంటి సర్” అంది కళావతి. “ఏడు అన్నడు.”

ఆయన చీటీ చింపి, కొత్తది రాశాడు.

* * *

శుక్రవారం కాలు తియ్యలేదు. జ్వరం పెరగలేదు గనక సోమవారం దాకా ఆగుదామన్నాడు డాక్టరు. ఆ మూడు రోజులూ నేను వార్డు బయట బెంచీ మీదే ఉన్నాను. ఆ డబ్బీ మూడోదా, నాలుగోదా? ఏడా, ఆరా? మొదటి రోజు ఖాయంగా తెలిసింది మూడో రోజుకు కరిగిపోయింది. కోతలు కోసి కోసి నా కళ్ల మీద నాకే భరోసా లేకుండా చేసుకున్నాను.

సోమవారం కట్టు విప్పారు. కళావతి గుడ్డను వెలుతురులో పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. నా చేతిలో పెట్టింది. ఎర్రగా ఉంది. మూలల్లో మాత్రం కొద్దిగా పచ్చ.

కాలు నిలబడింది. వినాయక చవితి అయిన నాలుగో రోజు నాగమణమ్మను ఇంటికి తెచ్చాం. మడమ దగ్గర చర్మం ముడుచుకుపోయి కుంటుతూ నడిచేది. ఎడమ చెవి సరిగా వినబడేది కాదు, ఆ మందుకు అది మామూలేనట.

అప్పటికే ముందుగది ఖాళీ. పచ్చ తగ్గిన ఆ సోమవారమే నేను ఆగయ్య దగ్గరికి వెళ్లి, అదంతా నేను కల్పించిన మాట అని, ఆ పిల్ల నా భార్యను బతికిస్తోందని చెప్పాను. నలుగురి ముందూ చెప్పాను.

ఆగయ్య నన్ను జాలిగా చూశాడు. “నిన్ను బెదిరిచ్చిందా సేటు?” అన్నాడు. “నీ మొఖం జూస్తేనే ఎరుకైతున్నది. గిట్ల ఒక్క జోకన్న లేకుంట నువ్వు మాట్లాడంగ నేనెప్పుడు చూసిన?”

నేను చెప్పిన అబద్ధాన్ని గల్లీ అంతా నెత్తిన పెట్టుకుంది. నిజాన్ని ఒక్కడు కూడా ముట్టుకోలేదు. కళావతి నీళ్లకు పోతే కుళాయి దగ్గర ఆడవాళ్లు బిందెలు ఎత్తుకుని పక్కకు తప్పుకునేవారు. ఎవరో ఆమె గుమ్మం ముందు నిమ్మకాయలు కోసి పడేశారు. ఒక పొద్దున రిక్షాలో సామాను వేసుకుంది. ఉండమని నేను అనలేకపోయాను. ఉంటే ఏమవుతుందో నాకు తెలుసు.

ఇంటికి వచ్చిన రెండో రోజే నాగమణమ్మ అడిగింది. “కళావతి ఎందుకు బోయింది? నాకు ఒక్క మాట చెప్పకుంట.”

ఆమెకు బాగా వినబడే చెవి వైపు కూర్చుని అంతా చెప్పాను. కిటికీ దగ్గర నుంచి మొదలుపెట్టి, ఆగయ్య డబ్బా, డబ్బీల మీద పేరు, మంట, కమ్మీలు, అన్నీ. పల్లకీ కథ దగ్గర నేను పూర్తి చేసిన ఆ వాక్యం సంగతి కూడా. ఒక్క అక్షరం పెంచలేదు.

ఆమె చివరిదాకా విని దిండు సర్దుకుంది. “నీ మాట నమ్మి ఎన్నిసార్లు పరేషానైనదాన్ని నేను” అంది. “పురుగులు నాకు మందు చెప్పినయా? నువ్వు లాభం, రెండు అంటే డాక్టర్ చీటీ చింపిండా? ఆమె వస్తే ఆమె నోట వింట.”

కళావతి ఆ ఆదివారమే వచ్చింది. పుండు చూసింది, కట్టు కొత్తగా కట్టింది. నాగమణమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

“ఎందుకు పోయినవు బిడ్డా?”

“దవాఖాన పక్కనే రూము దొరికింది పెద్దమ్మా. నడిచి పోవచ్చు.”

“ఈయననేమో తనే నిన్ను ఎల్లగొట్టిన అంటుండు. నీ డబ్బీలు కాలవెట్టిండట. నీ మీదికి బస్తీవోళ్లను ఉసిగొల్పిండట. ఇంకేమేమో అంటుండు. నిజమేనా?”

కళావతి కట్టు చివర రెండు ముళ్లు వేసింది. కత్తెర పెట్టెలో పెట్టింది. అప్పుడు తల ఎత్తి, గుమ్మంలో నిలబడ్డ నన్ను చూసింది. అన్నాళ్లూ ఆమె ముఖంలో నేను వెతికినదేదీ అందులో లేదు, కోపం కూడా లేదు.

“బాపు సంగతి మీకు తెల్వదా పెద్దమ్మా” అంది.

నాగమణమ్మ నవ్వింది. ఆషాఢం తర్వాత అదే మొదటి నవ్వు. కాలు కదిలి నొప్పిపుడితే మోకాలు పట్టుకుని మరీ నవ్వింది. “నేను అన్లేదా, నేను అన్లేదా” అని నా వైపు వేలు చూపించింది.

నేను చెప్పింది నిజమేనని ఇంకోసారి చెప్పడానికి నోరు తెరిచాను. ఆమె ముఖంలోకి రంగు వస్తోంది. మూసుకున్నాను.